అవసరాల పట్టికలో లేని ఒక్క వరుస: డిజైన్ నేర్పే అధ్యాపకులకు బహిరంగ లేఖ

ఇంజనీరింగ్ డిజైన్ బోధించే అధ్యాపకులకు, సిలబస్ రాసే కమిటీల సభ్యులకు, విద్యార్థుల ప్రాజెక్టులకు మార్కులు వేసే పరీక్షకులకు నమస్కారాలు.

నేను 22 ఏళ్లుగా డిజైన్ పని చేస్తున్న మెకానికల్ ఇంజనీర్‌ని. అందులో ఎక్కువ కాలం చిన్న నీటి పంపులతోనే గడిచింది. మీలాంటి వాళ్లు నేర్పిన చదువుతోనే ఇన్నాళ్లూ బతికాను. ఆ గౌరవంతోనే, ఆ చదువులో నాకు దొరకని ఒక విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది సుస్థిరత: వస్తువు ఎన్నాళ్లు మన్నుతుంది, పాడైతే బాగవుతుందా, చివరికి ఎక్కడికి పోతుంది అన్న ఆలోచన.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట మా బృందం ఒక కొత్త పంపు డిజైన్ చేసింది. పాత మోడల్‌లో మూతను ఆరు స్క్రూలతో బిగించేవాళ్లం. కొత్తదానిలో స్క్రూలన్నీ తీసేసి, ప్లాస్టిక్ మూతను అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో పంపు ఒంటికి శాశ్వతంగా అతికించాం. బరువు తగ్గింది. బిగింపుకి పట్టే సమయం తగ్గింది. నీరు కారే ఫిర్యాదులూ తగ్గాయి. డిజైన్ రివ్యూలో అందరూ మెచ్చుకున్నారు. ఆ మూత డ్రాయింగ్ గీసింది నేనే.

మూడేళ్ల తర్వాత వేరే పని మీద ఒక సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. వెనక షెడ్డులో మా పంపులు గోడ ఎత్తున పోగుపడి ఉన్నాయి. అన్నీ పాడైపోయి తిరిగొచ్చినవే. వాటిలో ఐదింటిని తీసుకుని హ్యాక్సా బ్లేడుతో కోసి చూశాను. ఐదింటిలోనూ మోటార్ వైండింగ్ బాగుంది. నీటిని తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, బాగుంది. షాఫ్ట్ కొత్తదానిలా మెరుస్తోంది. షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ ఒక్కటే అరిగిపోయింది. వేలి ఉంగరమంత ముక్క అది. దాని సందుల్లోంచి నీరు లోపలికి వెళ్లి బేరింగ్ తుప్పు పట్టింది. సీల్ అరిగిన మొదటి వారంలోనే మార్చి ఉంటే ఆ పంపు ఇంకో పదేళ్లు నడిచేది. మార్చే దారి మాత్రం లేదు. మూత తీయాలంటే ఒంటిని కోయాల్సిందే. కోస్తే మళ్లీ అతకదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి పాత ఫైల్ తీసి ఆ పంపు అవసరాల పట్టిక చూశాను. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల హెడ్ (నీరెక్కే ఎత్తు), ఎంత బరువు, ఎంత శబ్దం, ఎంత కరెంటు, ఎంత ఖర్చు, ఎన్ని సెకన్లలో బిగింపు అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. సీల్ అరిగితే ఏం చేయాలి అన్న వరుస లేదు. పంపు పాడయ్యాక ఎక్కడికి పోతుంది అన్న వరుసా లేదు. మేం పట్టికలో అడిగినవన్నీ ఇచ్చాం. అడగనిది ఇవ్వలేదు. రివ్యూలో కూర్చున్న ఏ ఒక్కరూ తమ పని సరిగా చేయలేదని చెప్పలేం. అందరూ బాగా పనిచేస్తే అన్ని పంపులు చెత్తలోకి పోయాయి. ఈ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సుస్థిరత గురించి నేను మిమ్మల్ని అడగదలచుకున్నదంతా ఆ పట్టిక దగ్గరే ఉంది. మొదటి స్కెచ్ గీయకముందే సుస్థిరత అవసరాల పట్టికలో ఒక వరుసగా చేరాలి. దాని పక్కన ఒక అంకె ఉండాలి. ఆ అంకె అందకపోతే, బలం చాలని డిజైన్‌ని తిప్పి పంపినట్టే దీన్నీ తిప్పి పంపాలి. నివేదిక చివర్లో పెట్టే "పర్యావరణ ప్రభావాలు" అనే అధ్యాయం ఈ పని చేయలేదు. విద్యార్థిగా నేనూ ఆ అధ్యాయం రాశాను. ప్రాజెక్టు మొత్తం అయిపోయాక, బైండింగ్‌కి ఇచ్చే ముందు రాత్రి రాశాను. అప్పటికి గేర్లు ఎంపికైపోయాయి, ఫ్రేము వెల్డింగ్ అయిపోయింది. ఆ పేజీలో ఏం రాసినా డిజైన్‌లో ఒక్క బోల్టు కూడా మారదు. పరీక్షకుడికీ ఆ సంగతి తెలుసు. ఆ అధ్యాయం ఉందో లేదో చూసి పేజీ తిప్పేశారు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు పిల్లల గురించి అంటారు. డిజైన్‌కి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. కాగితం మీద ఉన్నప్పుడు రబ్బరుతో చెరిపేసే గీతని, మోల్డు, అంటే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు, కోసిన తర్వాత మార్చాలంటే గట్టి ఉక్కుని మళ్లీ కోయాలి. ఉత్పత్తి మొదలయ్యాక మార్చాలంటే సరఫరాదారులూ పరీక్షలూ సర్టిఫికెట్లూ అన్నీ కదలాలి. అందుకే ఆలస్యంగా వచ్చిన మంచి ఆలోచనలన్నీ "తర్వాతి మోడల్‌లో చూద్దాం" అన్న మాట దగ్గర ఆగిపోతాయి.

మొదట్లోనే అడిగితే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1997లో ఇంటర్‌ఫేస్ అనే కార్పెట్ల కంపెనీ షాంఘైలో ఫ్యాక్టరీ కడుతోంది. వేడి ద్రవాన్ని తిప్పే ఒక పైపుల వ్యవస్థకి మొదట వేసిన డిజైన్‌లో పంపులన్నింటికీ కలిపి 95 హార్స్‌పవర్ కావాల్సి వచ్చింది. ఆ కంపెనీలోని ఒక ఇంజనీర్ దాన్ని మళ్లీ డిజైన్ చేసి 7 హార్స్‌పవర్‌కి దించాడు. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. చేసినవి రెండే పనులు. సన్న పైపులూ పెద్ద పంపులూ పెట్టే బదులు లావు పైపులూ చిన్న పంపులూ పెట్టాడు. యంత్రాలను ముందు నిలబెట్టి తర్వాత వాటి మధ్య పైపులు వంకర్లు తిప్పే బదులు, పైపులు వీలైనంత తిన్నగా వచ్చేలా ముందు గీసి, దాన్ని బట్టి యంత్రాల చోటు నిర్ణయించాడు.

దీని వెనక ఉన్న సూత్రం మీరు రెండో ఏడాదిలోనే చెబుతారు. ప్రవాహం అంతే ఉంచి పైపు వ్యాసం పెంచితే, ఘర్షణ వల్ల పోయే పీడనం దాదాపు వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. వ్యాసం రెట్టింపైతే నష్టం సుమారు 32వ వంతుకి పడిపోతుంది. మరి మొదట డిజైన్ చేసినవాళ్లకి ఈ సూత్రం తెలియదా? తెలుసు. పైపు సైజు ఎంచుకునేటప్పుడు పైపు ధరనీ పంపు వాడే కరెంటునీ మాత్రమే పోల్చి చూడటం అలవాటు. పైపు లావైతే పంపు, మోటార్, దాన్ని నడిపే విద్యుత్ పరికరాలు అన్నీ చిన్నవైపోతాయన్న సంగతి ఆ పోలికలోకి రాదు. అన్నీ కలిపి చూస్తే కొత్త డిజైన్‌కి మొదటి ఖర్చు కూడా తక్కువే అయింది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపర్లో ఈ సూత్రానికి ప్రశ్న ఇస్తాం, డిజైన్ పేపర్లో దాన్ని మరిచిపోతాం. రెండు సబ్జెక్టుల మధ్య ఉన్న ఆ గోడని పడగొట్టగలిగింది మీరే.

ఇక అంకె సంగతి. "పర్యావరణహితంగా ఉండాలి" అని పట్టికలో రాస్తే ఉపయోగం లేదు. కొలవలేనిదాన్ని రివ్యూలో ఎవరూ నిలదీయలేరు. వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణం మీద వేసే భారాన్ని లెక్కగట్టే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ పద్ధతి మనకు చాలాకాలంగా ఉంది. 1969లోనే కోకాకోలా కంపెనీ తన పానీయాల సీసాలూ డబ్బాల మీద ఇలాంటి లెక్క వేయించింది. ఇప్పుడు దానికి ఐఎస్‌ఓ 14040, 14044 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వీటిని చివరి ఏడాదిలో ఎలక్టివ్‌గా, సాఫ్ట్‌వేర్ బటన్లు నొక్కే పాఠంగా చెప్పేకన్నా, మొదటి ఏడాదిలో కాగితం మీద ఒక్క లెక్క చేయిస్తే మేలని నా అభిప్రాయం.

నా పంపునే తీసుకోండి. పోల్చాల్సింది ఒక పంపుని ఇంకో పంపుతో కాదు, అవి చేసే పనిని. రోజుకి 1000 లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తుకి పదేళ్లపాటు ఎక్కించడం అనుకుందాం. ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు గుణిస్తే పదేళ్లకి కనీసంగా కావలసిన శక్తి దాదాపు 100 కిలోవాట్ గంటలని ఏ విద్యార్థయినా తేల్చగలడు. పంపు మొత్తం దక్షత (ఎఫిషియెన్సీ) 30 శాతమైతే 330 కిలోవాట్ గంటల దాకా ఖర్చవుతుంది, 45 శాతమైతే 220 దాకా. ఇప్పుడు మన్నిక కలపండి. మూడేళ్లకే పాడయ్యే పంపులైతే ఆ పదేళ్ల పనికి నాలుగు కావాలి. అంటే రాగి, ఉక్కు, ప్లాస్టిక్ అన్నీ నాలుగింతలు. అరగంటలో అయ్యే లెక్క ఇది. ఈ అరగంట గడిపిన విద్యార్థికి ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ గ్రాము తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో అర్థమవుతుంది.

ఈ లెక్క వేయకుండా సొంత ఊహల మీద వెళ్తే తప్పుదారి పడతాం. ప్రపంచంలో వాడే విద్యుత్తులో దాదాపు 45 శాతం మోటార్లతో నడిచే యంత్రాలకే పోతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011లో లెక్కగట్టింది. రాత్రీ పగలూ తిరిగే మోటార్‌కి, కొన్న ధర కంటే అది తన జీవితంలో తాగే కరెంటు ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ దక్షతే ముఖ్యం, పాత మోటార్ని తీసేసి మంచిది పెట్టడమే మేలు కావచ్చు. స్మార్ట్‌ఫోన్ సంగతి పూర్తిగా వేరు. దాని కార్బన్ భారంలో పెద్ద భాగం కొనేవాడి చేతికి రాకముందే, తయారీలోనే పడిపోతుంది. అక్కడ కరెంటు కాస్త ఆదా చేయడం కంటే ఫోన్ ఇంకో మూడేళ్లు బతికేలా చేయడం చాలా పెద్ద విషయం. రెండింటికీ ఒకే సలహా ఇచ్చే పాఠం విద్యార్థికి అన్యాయం చేస్తుంది.

పదార్థాల ఎంపిక గురించి కాస్త ఎక్కువగా రాయనివ్వండి. మా తరానికి ఈ భాగాన్ని అసలు చెప్పలేదు. పదార్థం అంటే బలం, బరువు, ధర, తుప్పు అని నేర్పారు. వాడకం అయిపోయాక దాన్ని తిరిగి పొందగలమా అన్నది ఎక్కడా రాలేదు.

అల్యూమినియం తుక్కుని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. అయితే ఆ తుక్కు శుభ్రంగా వేరుపడితేనే. ఉక్కులో రాగి కలిసిందంటే పరిస్థితి దారుణం. పాత కార్లని ష్రెడర్‌లో వేసి ముక్కలు చేసినప్పుడు వైరింగ్‌లోని, చిన్న మోటార్లలోని రాగి ఉక్కు ముక్కలతో పాటే పోతుంది. కొలిమిలో కరిగాక ఆ రాగిని మామూలు పద్ధతుల్లో బయటికి తీయలేం. అలాంటి ఉక్కుని వేడిగా ఉన్నప్పుడు రోలింగ్ చేస్తే పైపొర మీద పగుళ్లొస్తాయి. అందుకే దాన్ని మళ్లీ కారు బాడీ రేకుగా వాడటం కష్టం, కాంక్రీటులో వేసే కడ్డీల లాంటి తక్కువ రకం పనులకి దిగజారిపోతుంది. వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) ఒక్క లాగుతో ఊడి వచ్చేలా క్లిప్పులు ఎక్కడ పెట్టాలన్నది ఒక డిజైనర్ చేతిలోని నిర్ణయం. ఆ నిర్ణయం ఇరవై ఏళ్ల తర్వాత ఒక కొలిమి దగ్గర ఫలితం చూపిస్తుంది.

రంగు కూడా అంతే. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి కదల్లేదు. కార్బన్ బ్లాక్ అనే నల్ల రంగు పొడి కలిపిన ప్లాస్టిక్‌ని, రీసైక్లింగ్ కేంద్రాల్లో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించే యంత్రాలు చూడలేవు. ఆ కాంతిని నలుపు మింగేస్తుంది, యంత్రానికి తిరిగి ఏమీ రాదు. మంచి ప్లాస్టిక్, శుభ్రమైన ప్లాస్టిక్, రంగు వల్ల చెత్తలోకి పోతుంది. మా పంపుల ఒళ్లన్నీ నలుపే. ఎందుకు నలుపు అని ఎవరూ అడగలేదు. మరక కనపడదని, అన్ని పంపులూ అలాగే ఉంటాయని వాడేశాం.

మంచి ఉద్దేశంతో చేసిన వస్తువులకీ ఈ పొరపాటు జరిగింది. గాలిమరల రెక్కలనే చూడండి. గ్లాస్ ఫైబర్‌ని థర్మోసెట్ రెసిన్‌తో కలిపి చేస్తారు. ఒకసారి గట్టిపడ్డాక ఆ రెసిన్ కరగదు. స్వచ్ఛమైన కరెంటు ఇచ్చిన ఆ రెక్కల్ని కాలం తీరాక కోసి భూమిలో పూడ్చిన చోట్లున్నాయి. 2021లో సీమెన్స్ గమేసా కంపెనీ వేరే రకం రెసిన్‌తో చేసిన రెక్కను ప్రకటించింది. తేలికపాటి ఆమ్ల ద్రావణంలో పెడితే రెసినూ ఫైబరూ విడిపోతాయి. అంటే దారి ఉంది. అంతకుముందు గడిచిన దశాబ్దాల్లో ఆ ప్రశ్న పట్టికలో లేదు, అందుకే ఆ దారి వెతకలేదు.

2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. దానిలో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కలున్నది 22.3 శాతమే. ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి 2024లో ఇచ్చిన నివేదిక చెప్పిన మాట ఇది. ఈ అంకె చూసినప్పుడు చాలామంది వాడకందారుల అలవాట్ల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం నేను గీసిన ఆ మూత గుర్తొస్తుంది.

సివిల్ విభాగం వాళ్లకి కూడా ఒక మాట. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 23 ఉక్కు ఫ్రేము భవనాల్లోని 10,000కి పైగా దూలాల డిజైన్లు పరిశీలించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. సగటున ఆ దూలాలు తమ బలంలో సగం కూడా వాడుకోవడం లేదని తేలింది. ఇక్కడ భద్రతా గుణకాన్ని తగ్గించమని ఎవరూ అనడం లేదు, నేనూ అనను. భవన నిర్మాణ కోడ్ అడిగిన భద్రతంతా ఇచ్చాక, దాని మీద మిగిలిపోయిన లోహం గురించి ఈ మాట. ఎక్కువ బరువు పడే దూలానికి తగ్గ సైజు ఎంచి, పని తేలికవుతుందని అదే సైజుని చుట్టుపక్కల అన్ని దూలాలకీ వేసేయడం మనందరికీ తెలిసిన అలవాటే. ఒక టన్ను ఉక్కు తయారైతే ప్రపంచ సగటున సుమారు 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళ్తుంది. సిమెంటు సంగతి ఇంకా కష్టం. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే ఆ వాయువు విడుదలవుతుంది. సిమెంటు పరిశ్రమ వదిలే మొత్తంలో సగానికి పైగా వాటా ఈ రసాయన చర్యదే. కొలిమిలో ఇంధనం ఎంత మార్చినా ఆ భాగం తగ్గదు. అవసరమైనంతే వాడటం అన్నది డిజైనర్ చేతిలో ఉన్న సూటి మార్గం. అవసరానికి మించిన దూలం వేసిన విద్యార్థికి ఇప్పుడు మనం పూర్తి మార్కులు వేస్తున్నాం.

తెలివైనవాళ్లుంటే చాలు, ఈ ప్రశ్నలు వాటంతటవే తేలతాయని అనుకునేవాళ్లకి అమెరికన్ ఇంజనీర్ థామస్ మిడ్జ్‌లీ కథ చెప్పాలి. 1920ల చివర్లో రిఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. లీకైతే ప్రాణాల మీదికొచ్చేది. విషం కానిది, మండనిది, చెక్కుచెదరనిది కావాలని అడిగారు. ఆయన బృందం సీఎఫ్‌సీని (క్లోరోఫ్లోరోకార్బన్ వాయువుని) తెచ్చింది. 1930లో ఆయన శాస్త్రవేత్తల ముందు ఆ వాయువుని పీల్చి, ఊది కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. అడిగిన అవసరాలన్నీ నూటికి నూరు శాతం తీరాయి. "లీకైన వాయువు ఎక్కడికి పోతుంది, ఎన్నాళ్లుంటుంది" అన్న వరుస ఆ పట్టికలో లేదు. చెక్కుచెదరని గుణం వల్లే అది దశాబ్దాలపాటు గాలిలో నిలిచి, పైకి చేరి ఓజోన్ పొరని తినేసింది. అడిగిన గుణమే హానికి కారణమైంది. మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి 1974లో బయటపెట్టారు. ఆ వాయువుల్ని అరికట్టే మాంట్రియల్ ఒప్పందం 1987లో వచ్చింది. ఆ రోజుల్లో ఓజోన్‌కి జరిగే ఆ హాని గురించి ఆయనకి తెలిసే అవకాశం లేదు, ఆ విషయంలో నేను ఆయన్ని నిందించను. మన విద్యార్థులకు మాత్రం ఆ ప్రశ్న ఒకటుందని తెలుసు, తెలిసి అడగకపోతే మాత్రం వాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ ఇప్పటికే నిండిపోయింది, ఇంకో పేపర్‌కి చోటు లేదంటారు. నేను పేపర్ అడగడం లేదు. విడి పేపర్ పెడితే దాన్ని పాసై మరిచిపోతారు. ఇప్పుడు మీరిస్తున్న షాఫ్ట్ డిజైన్ లెక్క, ట్రస్ లెక్క, సర్క్యూట్ లెక్క, వాటిలోనే "ఇచ్చినవి" అన్న భాగంలో ఇంకో షరతు చేర్చండి. లెక్కకి సరిపడా డేటా లేదంటే, ఉజ్జాయింపు అంకెలిచ్చి ఎంత తేడా వస్తే సమాధానం మారుతుందో చూపమనండి. గాలి భారాన్ని, అలసట వల్ల లోహం విరిగే పరిమితిని మనం కచ్చితంగా తెలిసినట్టేమీ లెక్కించం. అంచనాతో పనిచేయడం ఇంజనీరింగ్‌లో మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఖర్చు పెరుగుతుందంటారు. కొన్నిసార్లు పెరుగుతుంది, దాచను. మా తర్వాతి పంపుకి పట్టికలో ఒక వరుస చేర్చమని పోట్లాడాను: "మామూలు స్క్రూడ్రైవర్‌తో, ఒంటిని కోయకుండా, 10 నిమిషాల్లో సీల్ మార్చగలగాలి." రివ్యూలో గంటన్నర వాదన జరిగింది. మళ్లీ ఆరు స్క్రూలకి వెళ్తే బిగింపు సమయం పెరుగుతుందన్నారు, అది నిజమే. చివరికి మా బృందంలో అందరికంటే చిన్న అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, తిప్పి బిగించే మూత గీసుకొచ్చింది. ఒక్క స్క్రూ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. అంచు దగ్గర గోడ మందం పెంచాల్సి వచ్చి ప్లాస్టిక్ కొద్దిగా ఎక్కువైంది. బిగింపు సమయం దాదాపు అంతే. అప్పటికి మోల్డు కోయలేదు కాబట్టి అయిన అదనపు ఖర్చు నాలుగు రోజుల డ్రాయింగ్ పని. ఆ వరుస రాసి ఉండకపోతే ఆ అమ్మాయికి ఆ మూత ఆలోచన వచ్చే అవసరమే ఉండేది కాదు.

ఇవన్నీ ప్రభుత్వాలూ చట్టాలూ చూసుకోవాలంటారు. అవి కదిలాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్ల లాంటి వస్తువుల్ని బాగుచేయడం ఎంత తేలికో చెప్పే మరమ్మతు సూచీని, 10కి ఎంతో, అమ్మేటప్పుడు చూపించాలని ఫ్రాన్స్ 2021 జనవరిలో నిబంధన తెచ్చింది. చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వస్తుంది. ఈ నిబంధనలు వచ్చినప్పుడు వాటికి తగ్గట్టు డిజైన్ చేయాల్సింది మీ దగ్గర ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్న పిల్లలే. ఇంజనీరింగ్ డిగ్రీలకి దేశాల మధ్య పరస్పర గుర్తింపునిచ్చే వాషింగ్టన్ ఒప్పందం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పట్టభద్రుడికి ఏమేం రావాలో చెప్పే దాని జాబితాని 2021లో సవరించినప్పుడు, వస్తువు జీవితకాలపు మొత్తం ఖర్చు, నెట్ జీరో కార్బన్, వనరులు అన్న మాటల్ని నేరుగా డిజైన్ అనే అంశంలోనే రాశారు. పక్కన వేరే వరుసలో వేసి ఊరుకోలేదు. నేను ఈ ఉత్తరంలో అడుగుతున్నదీ అదే. కోర్సు గుర్తింపు కోసం పెట్టే అక్రెడిటేషన్ ఫైల్‌లో ఉన్న ఆ వాక్యాన్ని క్లాసులో బోర్డు మీదికి తెమ్మంటున్నాను.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. యంత్రం దక్షత పెంచితే వాడకం తగ్గుతుందని గ్యారంటీ లేదు. ఆవిరి యంత్రాలు మెరుగయ్యే కొద్దీ బొగ్గు వాడకం పెరిగిందని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించాడు. అందుకని పట్టికలో "10 శాతం మెరుగు" అని రాసి తృప్తిపడమని విద్యార్థులకు చెప్పకండి. అసలీ వస్తువు ఎంత పెద్దది కావాలి, ఎన్ని గంటలు నడవాలి అన్న ప్రశ్న కూడా డిజైనర్ అడగదగ్గదేనని చెప్పండి.

మీ నుంచి కోరుతున్నవి పెద్దవేమీ కావు. వచ్చే సెమిస్టర్‌లో ఇచ్చే ప్రతి డిజైన్ ప్రాజెక్టుకీ మొదటి వారంలోనే అవసరాల పట్టిక అడగండి. దానిలో మన్నిక, మరమ్మతు, చివరి మజిలీ గురించి అంకెలతో కనీసం రెండు వరుసలు లేకపోతే పట్టిక వెనక్కివ్వండి. చివర్లో మార్కులు వేసేటప్పుడు ఆ అంకెలు అందాయా అని కొలవండి. కొలిచి, అందకపోతే మార్కులు తగ్గించండి. ఇది కటువుగా అనిపించవచ్చు, కానీ మార్కు తగ్గని విషయాన్ని విద్యార్థి పట్టించుకోడు. నేను పట్టించుకోలేదు కాబట్టే చెబుతున్నాను. కంపెనీల్లో రివ్యూలకి అధ్యక్షత వహించే నా తోటివాళ్లకీ ఇదే నా విన్నపం: ఆ వరుస ఫెయిలైనప్పుడు "ఈసారికి పోనిద్దాం" అనకండి.

ఇంకొకటి, ఇది సిలబస్ మార్చకుండానే చేయొచ్చు. మొదటి ఏడాది ల్యాబ్‌లో ప్రతి ఇద్దరికీ పాడైన వస్తువొకటి ఇచ్చి విప్పమనండి. ఎక్కడ చేయి ఆగిపోయిందో, ఏ జిగురు దగ్గర, ఏ దాగిన క్లిప్పు దగ్గర విరగ్గొట్టాల్సి వచ్చిందో రాసుకోమనండి. ఆ వస్తువులో ఏ ముక్క నిజంగా పాడైందో కనుక్కోమనండి. మిగతావన్నీ బాగున్నాయని వాళ్ల చేతులతో వాళ్లకే తెలియాలి.

ఆ షెడ్డులోంచి తెచ్చుకున్న పాత పంపుల్లో కోయనివి ఇంకా మూడు నా బల్ల కింద ఉన్నాయి. ఒక హ్యాక్సా బ్లేడు కూడా ఉంది. మీ క్లాసుకి కావాలంటే తీసుకుని వస్తాను. ఆ మూత గీసింది నేనేనని విద్యార్థులకు చెప్పి, వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబు చెబుతాను.

గౌరవంతో,
ఒక డిజైన్ ఇంజనీర్